నెట్ జీరో సంగతి అనుమతి కాగితం దగ్గరే తేలాలి: హైదరాబాద్ ప్రణాళికాధికారులకు బహిరంగ లేఖ

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ అధికారులకు, హెచ్‌ఎండీఏ, ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ ప్రణాళికా విభాగాల వారికి నమస్కారం.

హైదరాబాద్ కోసం కాలే బొగ్గు పొగ హైదరాబాద్‌లో కనిపించదు. అది రామగుండంలో, మణుగూరులో, దామరచర్లలో లేస్తుంది. ఇక్కడ పోసే ప్రతి స్లాబు తాలూకు పొగ మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు బట్టీల మీద తేలుతుంది. మాదాపూర్‌లో నిలబడి చూసేవాళ్లకు ఆకాశం మామూలుగానే ఉంటుంది. ఈ దూరం వల్లే నగరం ఎదుగుదలకూ కర్బన ఉద్గారాలకూ ఉన్న లంకె ఏ ఫైలులోకీ ఎక్కడం లేదు. ముచ్చర్ల వైపు 56 గ్రామాల పరిధిలో, 765 చదరపు కిలోమీటర్లలో రానున్న ఫ్యూచర్ సిటీ నెట్ జీరో నగరం, అంటే వదిలినంత కర్బనాన్ని తిరిగి తీసేసుకునే నగరం, అవుతుందని ప్రభుత్వం ప్రకటించింది. ఆ మాట నిలబడాలని మేం మనసారా కోరుకుంటున్నాం కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాం.

మేం చెప్పదలచింది ఒక్కటే. ఒక భవనం రాబోయే 50 ఏళ్లలో ఎంత కర్బనం వదులుతుందన్నది చాలావరకు దానికి అనుమతి ఇచ్చిన రోజునే ఖాయమైపోతుంది. ఎక్కడ కట్టాలి, ఎన్ని సెల్లార్లు తవ్వాలి, ఏ గాజు పెట్టాలి, నీళ్లు ఎంత ఎత్తుకు తోడాలి, బస్టాపు ఎంత దూరం అన్నవి ఆ తర్వాత మారవు. సోలార్ పలకలు, ఎలక్ట్రిక్ వాహనాలు, స్మార్ట్ మీటర్లు ఎన్నొచ్చినా మిగిలిన భారాన్ని కాస్త తేలిక చేస్తాయంతే. అందుకని లెక్క అనుమతి దగ్గరే అడగండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేముందు ఒకసారి, ఏడాది తిరిగాక కరెంటు మీటరు చూసి ఇంకోసారి సరిచూడండి.

సెల్లార్ల నుంచే మొదలుపెడతాం. 2006లో జీవో 86తో ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్ల వైశాల్యం కట్టొచ్చన్న హద్దు, పోయింది. 2012 నాటి జీవో 168 కూడా ఎత్తును రోడ్డు వెడల్పుకూ, చుట్టూ వదలాల్సిన ఖాళీ అయిన సెట్‌బ్యాక్‌కూ ముడిపెట్టింది. కోకాపేట, నానక్‌రామ్‌గూడల్లో 40, 50 అంతస్తులు లేచింది ఆ దారిలోనే. ఎత్తు కట్టడమే తప్పని మేం అనడం లేదు. మెట్రో స్టేషన్ పక్కన జనం దగ్గరదగ్గరగా ఉంటే ప్రయాణం తగ్గుతుంది. అయితే మెట్రోకు, బస్సుకు దూరంగా టవర్ కట్టినప్పుడు ప్రతి ఫ్లాటుకూ రెండు కార్ల చోటు కావాలి. ఆ చోటు రాతి నేలను బ్లాస్టింగ్ చేసి మూడు నాలుగు సెల్లార్లు తవ్వితేనే వస్తుంది.

ఒక్క కారు చోటు లెక్క చూడండి. ర్యాంపు, దారి కలుపుకొని ఒక కారుకు సుమారు 30 చదరపు మీటర్లు పడుతుంది. స్లాబు, స్తంభాలు, రిటైనింగ్ గోడ, అడుగున రాఫ్ట్ (భవనం కింద పరిచే పునాది పలక) వాటా కలిపితే చదరపు మీటరుకు అర ఘనమీటరు కాంక్రీటు వేసుకోవచ్చు. అంటే 15 ఘనమీటర్లు. వేరే పొడులేవీ కలపని మామూలు ఓపీసీ సిమెంటుతో కలిపితే ఘనమీటరుకు దాదాపు 300 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున నాలుగున్నర టన్నులవుతుంది. అందులో పడే ఉక్కు ఒకటిన్నర టన్నుకు పైనే. మన దేశంలో టన్ను ఉక్కుకు సగటున రెండున్నర టన్నుల ఉద్గారం ఉంది కాబట్టి ఇంకో నాలుగు టన్నులు. మొత్తం ఎనిమిది టన్నులు దాటింది. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలు వస్తుంది. కారు ఇంకా షోరూంలో ఉండగానే దాని చోటు కోసం మూడున్నర వేల లీటర్ల పెట్రోలు కాల్చినంత పని అయిపోయిందన్నమాట. ఆ సెల్లార్‌లో పగలూ రాత్రీ తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, వెలిగే లైట్లు దీనికి అదనం.

మెట్రో స్టేషన్‌కు 500 మీటర్ల లోపల పార్కింగ్ కనీసం ఇంత ఉండాలన్న నిబంధనను ఇంతకు మించకూడదన్న నిబంధనగా మార్చండి. ఇందులో ఖజానాకు పైసా ఖర్చు లేదు.

సిమెంటు విషయంలో చేయగలిగింది చాలా ఉంది, అడ్డుపడుతున్నవి మాత్రం చిన్న చిన్న సంగతులు. సిమెంటుకు మూలపదార్థమైన క్లింకర్ తయారీకి సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాల్చాలి. టన్ను క్లింకర్‌కు అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఆ రాయిలోంచే వస్తుంది, ఇంధనం పొగ వేరే. బట్టీని సోలార్‌తో నడిపినా రాయిలోంచి వచ్చేది ఆగదు. కాబట్టి క్లింకర్ వాటా తగ్గించడమే దారి. పీపీసీ అనే సిమెంటులో ఫ్లైయాష్ (బొగ్గు కాలిన బూడిద) 35 శాతం దాకా, స్లాగ్ సిమెంటులో స్లాగ్ (ఉక్కు కొలిమి చిట్టెం) 70 శాతం దాకా కలపడానికి భారతీయ ప్రమాణాలు ఒప్పుకుంటాయి. రామగుండంలో ఫ్లైయాష్ ఉంది, విశాఖ ఉక్కులో స్లాగ్ ఉంది. ఇప్పుడు ఎల్‌సీ3 అనే కొత్త సిమెంటు కూడా వచ్చింది. సగం క్లింకర్, 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, 5 శాతం జిప్సం. మట్టిని 800 డిగ్రీల దగ్గర కాలిస్తే చాలు. ఉద్గారం 30 నుంచి 40 శాతం దాకా తగ్గుతుంది. దీనికి 2023లో ఐఎస్ 18189 ప్రమాణం కూడా వచ్చేసింది.

మరి సైట్లలో ఎందుకు వాడరు? ఫ్లైయాష్, స్లాగ్ కలిపిన కాంక్రీటుకు తొలి ఏడు రోజుల బలం కాస్త నెమ్మదిగా వస్తుంది. కాంట్రాక్టరుకు వారం పది రోజులకో స్లాబు పడాలి, సెంట్రింగ్ తొందరగా విప్పాలి. అందుకని కాంక్రీటు కలిపి పంపే ఆర్‌ఎంసీ ప్లాంటుకు ఫోన్ చేసి ఫ్లైయాష్ తగ్గించమంటాడు. పైగా కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇలాంటి మిశ్రమానికి కనీసం 10 రోజులు తడపాలి. సైట్లో మూడో రోజుకే గోనెపట్టాలు ఎండిపోతాయి. ఉపరితలం పొడిపొడిగా రాలుతుంది, నింద ఫ్లైయాష్ మీద పడుతుంది. స్లాబుల దగ్గర ఆ తొందర ఉంటే ఉండనివ్వండి. రాఫ్ట్‌కూ, కింది అంతస్తుల స్తంభాలకూ ఆ తొందర అవసరమే లేదు. వాటి మీద పూర్తి బరువు పడటానికి ఏడాది పైనే పడుతుంది. వాటికి 28 రోజుల బలానికి బదులు 56 రోజుల బలాన్ని అడిగితే సగం దాకా స్లాగ్ వేయొచ్చు. రెండు మీటర్ల మందం రాఫ్ట్‌లో లోపలి వేడి 70 డిగ్రీలు దాటితే కాంక్రీటు పాడవుతుంది. స్లాగ్ ఆ వేడినీ తగ్గిస్తుంది. అంటే గట్టిదనం కోసమైనా చేయాల్సిన పనే ఇది.

ప్రభుత్వ పనుల్లో ఇంకో అడ్డు ఉంది. ప్రభుత్వ ధరల పట్టిక ఎస్‌ఎస్‌ఆర్‌లో ఐటెం లేనిదే ఏ ఇంజినీరూ ఎస్టిమేట్‌లో రాయలేడు. రాస్తే ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాలి. ఎల్‌సీ3కీ, 56 రోజుల మిశ్రమాలకూ ఎస్‌ఎస్‌ఆర్‌లో ఐటెంలు చేర్చండి. ఫ్యూచర్ సిటీ రోడ్లు, డ్రెయిన్లు, ఫ్లైఓవర్లతోనే మొదలుపెట్టండి. నూటికి నూరుపాళ్లు మీ చేతిలో ఉన్న కొనుగోలు అది.

ఇక గాజు. హైదరాబాద్‌లో మార్చి నుంచి జూన్ దాకా పడమటి ఎండ ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. సాయంత్రం నాలుగింటికి పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతుందనుకుందాం. ఆరు మిల్లీమీటర్ల మామూలు గాజు అందులో 82 శాతం వేడిని లోపలికి వదులుతుంది. నూరు చదరపు మీటర్ల గాజైతే ఆ వేడిని తోడిపోయడానికే 14 టన్నుల ఏసీ కావాలి. భవనాల విద్యుత్ పొదుపు కోడ్ ఈసీబీసీ 2017 మనలాంటి వాతావరణంలో ఉత్తరం తప్ప మిగతా దిక్కులకు 27 శాతమే అనుమతిస్తుంది. ఆ గాజు పెడితే ఐదు టన్నుల లోపు సరిపోతుంది. గాజు వాటా గోడలో 40 శాతం మించకూడదని కూడా అదే కోడ్ అంటుంది. మరి నిలువెల్లా గాజు తొడుక్కున్న టవర్లు ఎలా పాసవుతున్నాయి? కోడ్‌లో రెండో దారి ఉంది. భవనం మొత్తాన్ని కంప్యూటర్‌లో నడిపించి, గాజు దగ్గర పోయింది చిల్లర్ (పెద్ద ఏసీ యంత్రం) దగ్గర రాబట్టామని చూపిస్తే చాలు. ఆ దారి తప్పు కాదు. తప్పు ఎక్కడంటే, కంప్యూటర్‌లో పెట్టిన గాజూ సైటుకొచ్చిన గాజూ ఒకటేనా అని ఎవరూ చూడకపోవడంలో ఉంది.

చూడటం కష్టమేమీ కాదు. డబుల్ గ్లాస్‌కు నాలుగు ముఖాలుంటాయి. ఎండను వెనక్కి కొట్టే పూత బయటి నుంచి రెండో ముఖం మీద ఉండాలి. యూనిట్‌ను తిప్పి బిగిస్తే అదే పూత మూడో ముఖానికి వస్తుంది, వేడి లోపలికి దిగుతుంది. పొద్దుపోయాక గాజు దగ్గర లైటర్ వెలిగిస్తే నాలుగు ప్రతిబింబాలు వరుసగా కనిపిస్తాయి. అందులో ఒకటి రంగు తేడాగా ఉంటుంది. ఆ తేడా రెండోదానిలో ఉందా, మూడోదానిలో ఉందా అని చూడటానికి నిమిషం చాలు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు వెళ్లే అధికారి అంతస్తుకు రెండు చోట్ల ఈ పరీక్ష చేసి, గాజు బిల్లుల్ని డిజైన్‌తో పోల్చుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం మీటరు చెబుతుంది. మనలాంటి వాతావరణంలో ఏసీ ఆఫీసు భవనం ఏడాదికి చదరపు మీటరుకు 90 యూనిట్ల లోపు వాడితే కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఐదు నక్షత్రాలిస్తుంది, 165 నుంచి 190 మధ్య ఉంటే ఒక్కటే. అనుమతిలో మాటిచ్చిన అంకె, ఏడాది తర్వాత వచ్చిన అంకె రెండూ భవనం గుమ్మం దగ్గర రాసిపెట్టించండి. అద్దెకొచ్చే కంపెనీలు తామే చూసుకుంటాయి.

కప్పుల విషయంలో మాత్రం రాష్ట్రం మంచి పని చేసింది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన కూల్ రూఫ్ విధానం ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో 200 హైదరాబాద్‌లోనే, లక్ష్యంగా పెట్టుకుంది. ఒక్క జాగ్రత్త చెబుతాం. తెల్లరంగు వేసిన ఏడాదికే దుమ్ము పట్టి దాని పని తగ్గుతుంది. ఏటా ఫిబ్రవరిలో ఒకసారి కడగాలి. వాటర్‌ప్రూఫింగ్ చేయకుండా రంగు వేస్తే వానాకాలంలో పొరలు పొరలుగా లేస్తుంది. లెక్కలోకి వేసినరోజు వైశాల్యాన్ని కాకుండా, రెండేళ్ల తర్వాత తెల్లగా మిగిలిన వైశాల్యాన్ని తీసుకోండి.

ఎవరూ పట్టించుకోనిది ఏసీ గ్యాస్. ఆర్-410ఏ గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మన కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున చూస్తే అది దాదాపు 3,000 యూనిట్లకు సమానం. ఒక మధ్యతరగతి ఇల్లు ఏడాదంతా వాడే కరెంటు దగ్గరికి వస్తుంది. ఆర్-32 అయితే 675, ఆర్-290 అయితే దాదాపు లేనట్టే. ఇల్లు మారేటప్పుడు పైపు నట్టు విప్పి ‘బుస్స్’మని వదిలేసే గ్యాస్ ఇదే. ద్రవం వాల్వు మూసి, ఏసీ కాసేపు నడిపి, గ్యాసంతా బయటి యూనిట్‌లోకి లాగాక రెండో వాల్వు మూసి ఆపేస్తే అది ఎక్కడికీ పోదు. దాన్నే పంప్‌డౌన్ అంటారు, ఐదు నిమిషాల పని. ప్రతి వేసవిలో ‘గ్యాస్ ఫిల్లింగ్’ చేయించుకోవాల్సి రావడానికి అసలు కారణం ఫ్లేర్ (మూతి విప్పార్చడం) సరిగా చేయని రాగి పైపు, నైట్రోజన్‌తో లీకు పరీక్ష చేయకుండా నింపిన గ్యాస్. ఇలాంటి గ్యాసులను తగ్గించే అంతర్జాతీయ కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. 2028 నుంచి ఈ గ్యాసుల వాడకం పెరగకుండా ఆగాలి. ఏసీ మెకానిక్‌లకు శిక్షణ, ఫ్లేరింగ్ టూలు, వార్డుకొక గ్యాస్ రికవరీ యంత్రం ఇవ్వండి. పెద్ద పథకాలకన్నా ఇది తొందరగా ఫలితం చూపిస్తుందని మా గట్టి నమ్మకం.

నీళ్ల లెక్క అందరూ మరిచిపోయేది. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు మూడు దశలు కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు, అంటే దాదాపు 12 లక్షల 27 వేల కిలోలీటర్లు, నాగార్జునసాగర్ నుంచి వస్తాయి. సాగర్ నిండుమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లు దాటి ఉంది. కనీసం 350 మీటర్లు ఎత్తిపోయాలి. కిలోలీటరు నీటిని 100 మీటర్లు ఎత్తడానికి 0.27 యూనిట్లు చాలు. పంపు, మోటారు సామర్థ్యం 75 శాతమనుకుంటే 350 మీటర్లకు 1.3 యూనిట్ల దగ్గరికి వస్తుంది. పైపుల్లో రాపిడి ఇందులో కలపలేదు. రోజుకు 16 లక్షల యూనిట్లు, 1,100 టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఏడాదికి నాలుగు లక్షల టన్నులు. ఇది ఒక్క కృష్ణా నీళ్లకే. గోదావరి నీళ్లు ఇంకా వేరే.

ఈ అంకె పక్కన మొక్కలు నాటే పథకాన్ని పెట్టి చూడండి. బాగా ఎదిగే అడవి హెక్టారుకు ఏడాదికి 10 టన్నులు పీల్చుకుంటుందని ఉదారంగా అనుకుందాం. కృష్ణా పంపింగ్‌ ఒక్కదానికే 40,000 హెక్టార్లు కావాలి. అంటే 400 చదరపు కిలోమీటర్లు, ఫ్యూచర్ సిటీ మొత్తం విస్తీర్ణంలో సగానికి పైన. చెట్లు నాటండి, నీడకూ నేలకూ అవి కావాలి. నెట్ జీరో లెక్కలో మాత్రం వాటితో తూకం సరిచేయొద్దు. లీకైన ప్రతి కిలోలీటరూ సాగర్ నుంచి ఎత్తుకొచ్చి రోడ్డు మీద పారబోసిన కరెంటేనని గుర్తుంచుకుని, ముందు వార్డు వారీ బల్క్ మీటర్లు పెట్టండి. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య ఎవరూ వాడని వేళ మీటరు ఎంత తిరిగితే, ఇంట్లో నిండే సంపుల వాటా పోను, మిగిలిందంతా లీకే. శుద్ధిచేసిన మురుగునీటికి కిలోలీటరుకు అర యూనిట్ లోపే పడుతుంది. కూలింగ్ టవర్లకూ, నిర్మాణాలకూ, తోటలకూ ఆ నీళ్లే వాడాలని అనుమతిలోనే రాయండి.

ప్రయాణాల మీద ఒక నిజం నిక్కచ్చిగా చెప్పాలి. కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఏసీ ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు సుమారు 1.2 యూనిట్లు వాడుతుంది. లైన్లలో, ఛార్జింగ్‌లో నష్టాలు కలిపితే, దేశ సగటు కరెంటుతో కిలోమీటరుకు కిలో దాకా ఉద్గారం. లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు నడిచే మామూలు డీజిల్ బస్సు వదిలేది 0.6 కిలోలు. కోఠిలో నిలబడ్డవాళ్ల ఊపిరితిత్తులకు ఎలక్ట్రిక్ బస్సు మేలే, ఆ మేలు చిన్నది కాదు. కర్బనంలో మేలు రావాలంటే మాత్రం ఛార్జింగ్ వేళ మార్చాలి. రాత్రి డిపోలో పెడితే బొగ్గు కరెంటే ఎక్కువ. ఉదయం రద్దీ అయ్యాక 11 నుంచి 3 దాకా, సోలార్ కరెంటు దండిగా ఉన్నప్పుడు పెట్టాలి. 100 బస్సులకు నాలుగు గంటల్లో 200 యూనిట్ల చొప్పున ఎక్కించాలంటే డిపోకు 5 మెగావాట్లు కావాలి. అంటే 33 కేవీ లైను, ట్రాన్స్‌ఫార్మర్లకు చోటు, దానికో ఏడాది ముందస్తు పని. బస్సులు వచ్చాక లైను కోసం దరఖాస్తు పెడితే అవి రాత్రే ఛార్జి అవుతాయి.

అయినా ఆ బస్సులో 40 మంది ఎక్కితే మనిషికి 25 గ్రాములు. ఒక్కరే నడిపే పెట్రోలు కారు రద్దీలో 190 గ్రాములు, ఎలక్ట్రిక్ కారు నష్టాలతో కలిపి 130. స్కూటరు ఎలక్ట్రిక్ అయితే పెట్రోలు స్కూటరులో సగం. కారును ఎలక్ట్రిక్ చేయడంకన్నా మనిషిని బస్సెక్కించడమే రెండున్నర రెట్లకు పైగా లాభం. ఎల్బీ నగర్, ఉప్పల్ వైపు ఇళ్లూ, రాయదుర్గం, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలూ ఉన్న నగరంలో ఓఆర్ఆర్ బయట లేఅవుట్ అనుమతి ఇస్తూ బస్సు మార్గం రాయకపోతే, ఆ లేఅవుట్‌లో ప్రతి ఇంటికీ కారు మీరే రాసిచ్చినట్టు.

సోలార్ గురించి రెండు ముక్కలు. 40 అంతస్తుల టవర్‌లో 240 ఫ్లాట్లుంటే, వెయ్యి చదరపు మీటర్ల కప్పులో సగం మీద 50 కిలోవాట్లు పెట్టగలరు. రోజుకు 200 యూనిట్లు, అంటే ఫ్లాటుకు ఒక యూనిట్ కూడా రాదు. లిఫ్టులకే చాలవు. కాబట్టి టవర్ కప్పు మీద సోలార్ ఉందని నెట్ జీరో అని రాయనివ్వకండి. టవర్ల నుంచి ఓపెన్ యాక్సెస్ (బయటి ఉత్పత్తిదారు నుంచి నేరుగా కొనే) సోలార్ ఒప్పందం అడగండి, అదీ 20 ఏళ్లకు.

ఫ్యూచర్ సిటీకి మా విన్నపం ఇది. నెట్ జీరో అంటే ఏ ఏడాదికి, ఏ ఉద్గారాలు కలిపి అన్నది ముందు రాతపూర్వకంగా చెప్పండి. సిమెంటు, ఉక్కు, బయట పుట్టే కరెంటు, ఎత్తిపోసే నీళ్లు, రాకపోకలు అన్నీ అందులో ఉండాలి. ప్రతి పెద్ద అనుమతి దరఖాస్తుకు ఒక పేజీ జోడించండి: చదరపు మీటరుకు నిర్మాణ కర్బనం, ఏడాదికి చదరపు మీటరుకు యూనిట్లు, ఏసీ గ్యాస్ పేరూ బరువూ, రోజుకు బయటి నుంచి తెచ్చే కిలోలీటర్లు, పార్కింగ్ చోట్లు, దగ్గరి బస్టాపుకు నడిచే దూరం. ఈ ఆరు అంకెలూ నింపడానికి ఏ ఆర్కిటెక్టుకైనా రెండు రోజులు చాలు. మొదటి ఏడాది దీని ఆధారంగా ఎవరి అనుమతీ ఆపకండి, అంకెలు మాత్రం అందరికీ కనిపించేలా పెట్టండి. రెండో ఏడాది అందులో చివరి పావు వంతులో ఉన్నవాళ్లను సరిచేసుకోమనండి. ఆ పేజీ నమూనా, లెక్కగట్టే పద్ధతి, సైటులో సరిచూసే క్రమం తయారుచేసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం. దీనికి మాకు రుసుమేమీ వద్దు.

ఇట్లు,
భవన నిర్మాణం, ఏసీ, నీటి సరఫరా, రవాణా రంగాల్లో పనిచేస్తున్న ఇంజినీర్లం